టెక్సాస్ ప్రాపర్టీ ట్యాక్స్: కొన్న ధర కంటే నోటీసులో విలువే ఎక్కువ. ప్రోటెస్ట్ ఎలా చేయాలి?

కొత్తిల్లు_ఉత్తర_డాలస్

నమస్కారం అండి. డాలస్‌కి ఉత్తరాన ఒక కొత్త కమ్యూనిటీలో ఇల్లు, గత ఏడాది జూన్‌లో క్లోజ్ అయింది. కాంట్రాక్టు ధర 665 వేల డాలర్లు. క్లోజింగ్ ఖర్చులకీ వడ్డీ తగ్గించడానికీ కలిపి బిల్డర్ 20 వేలు ఇన్సెంటివ్ ఇచ్చాడు. ఇప్పుడు అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇళ్లకి విలువ కట్టే సంస్థ) నోటీసు వచ్చింది: స్థలం 150 వేలు, కట్టడం 532 వేలు, మొత్తం మార్కెట్ వాల్యూ 682 వేలు. లివింగ్ ఏరియా 3,325 చదరపు అడుగులని ఉంది. అదే వీధిలో, అదే ఫ్లోర్ ప్లాన్, స్థలం విలువ కూడా అదే ఉన్న ఇంటికి వాళ్ల వెబ్‌సైట్‌లో 640 వేలే చూపిస్తోంది.

నా సందేహాలు ఇవి. ప్రోటెస్ట్ (ఆ విలువ మీద అభ్యంతరం) చేస్తే తిరగబెట్టి విలువ ఇంకా పెంచేస్తారా? ఏ సాక్ష్యం పనికొస్తుంది? ఏజెంట్ కంపెనీకి ఇచ్చేయడం మేలా? హోమ్‌స్టెడ్ (సొంతానికి ఉండే ఇల్లు) అయితే విలువ ఏటా 10 శాతం కంటే పెరగదంటారు కదా, అది నాకు వర్తించదా? హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ అప్లై చేసేశాను, అప్రూవ్ అయింది.

---

లెక్కల_మాస్టారు

ముందు భయం తీరుద్దాం. 2020 నుంచి చట్టం మారింది. ప్రోటెస్ట్ విన్న బోర్డు (అప్రైజల్ రివ్యూ బోర్డు, ఏఆర్‌బీ), రికార్డులో ఉన్న అంకె కంటే ఎక్కువ విలువ వేయడానికి వీల్లేదు. అందుకని దాఖలు చేయడం వల్ల పోయేదేమీ లేదు. ఫీజు కూడా లేదు.

గడువు మే 15, లేదా నోటీసు మీకు పంపిన 30 రోజులకు, రెండిట్లో ఏది తర్వాత వస్తే అది. ఆన్‌లైన్ పోర్టల్‌లో నోటీసు మీద ఉన్న పిన్‌తో వేయొచ్చు, లేదా ఫారం 50-132 పంపొచ్చు. దాంట్లో కారణాల దగ్గర రెండు గళ్లూ టిక్ పెట్టండి: మార్కెట్ వాల్యూ తప్పు అనేది ఒకటి, ఇతర ఆస్తులతో పోలిస్తే అసమానంగా ఉంది అనేది రెండోది. చాలామంది మొదటి గడి ఒక్కటే పెట్టి ఊరుకుంటారు. తీరా హియరింగ్‌లో పక్కింటి విలువల గురించి మాట్లాడబోతే "మీరు ఆ కారణం ఎంచుకోలేదు" అని ఆపేస్తారు. టెక్సాస్‌లో ఇంటి ఓనర్‌కి అసలు బలం ఆ రెండో గడిలోనే ఉంది. ఎందుకో కింద చెప్తాను.

10 శాతం క్యాప్ సంగతి. హోమ్‌స్టెడ్‌కి అర్హత వచ్చిన మొదటి ఏడాది క్యాప్ ఉండదు, ఆ మరుసటి జనవరి 1 నుంచి మొదలవుతుంది. మీరు గత జూన్‌లో కొన్నారు కాబట్టి ఈ ఏడాది మీకు మొదటి ఏడాది. క్యాప్ వచ్చే ఏడాది నుంచే. దీని అర్థం, ఈసారి ఖాయమయ్యే అంకె మీదే వచ్చే ఏడాది 10 శాతం లెక్క కడతారు, దాని మీద ఆ పై ఏడాది. అంటే మీకు ఇది పునాది సంవత్సరం. ఒక్కసారే ఓపిక ఉందంటే అది ఈసారే పెట్టండి.

క్యాప్ ఇప్పటికే నడుస్తున్నవాళ్ల కథ వేరు. ఉదాహరణకి పోయినేడు అప్రైజ్డ్ వాల్యూ (క్యాప్ వర్తించాక తేలే విలువ) 450 వేలు, ఈసారి మార్కెట్ వాల్యూ 560 వేలు అనుకోండి. పన్ను పడేది 495 వేల మీద (ఎగ్జెంప్షన్లు పోను). మార్కెట్ వాల్యూని 560 నుంచి 510కి దించినా ఈ ఏడాది పన్నులో ఒక్క డాలరు తగ్గదు. 495 కంటే కిందికి దిగితేనే లాభం. నోటీసులో రెండు అంకెలుంటాయి, ఏది చూసి గోల పెడుతున్నామో తెలిసి ఉండాలి.

ఇక సాక్ష్యం. ప్రోటెస్ట్ వేసేటప్పుడే, హియరింగ్‌లో డిస్ట్రిక్ట్ చూపించబోయే డేటా కావాలని రాతపూర్వకంగా అడగండి. దీన్నే జనం హెచ్‌బీ 201 ప్యాకెట్ అంటారు. ట్యాక్స్ కోడ్ సెక్షన్ 41.461 ప్రకారం అడిగినవాళ్లకి హియరింగ్‌కి కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. అలా ఇవ్వనిది హియరింగ్‌లో వాడుకోకూడదు. అడగకపోతే ఈ రక్షణ మీకు లేదు. ఆ ప్యాకెట్‌లో వాళ్ల సేల్స్ కంప్స్ (పోల్చడానికి అమ్ముడైన ఇళ్లు), ఈక్విటీ కంప్స్ (పోల్చడానికి వాళ్లు విలువ వేసిన ఇళ్లు), ఒక్కో ఇంటికి చేసిన సర్దుబాట్లు అన్నీ ఉంటాయి. చాలాసార్లు మీ కేసు వాళ్ల కాగితాల్లోనే దొరుకుతుంది.

ఈక్విటీ అంటే ఇది: మీ ఇంటిలాంటి ఇళ్లు "సహేతుకమైన సంఖ్యలో" తీసుకుని, తేడాలు సర్దుబాటు చేసి, వాటి మీడియన్ (వరుసలో పెడితే నడిమి అంకె) కంటే మీ విలువ ఎక్కువుంటే దాన్ని మీడియన్‌కి దించాలి. సెక్షన్ 41.43లో ఉంది. అమ్మకాల ధరలతో సంబంధం లేదు, డిస్ట్రిక్ట్ వేసిన విలువలే చాలు. టెక్సాస్‌లో అమ్మిన ధర ఎవరూ ప్రభుత్వానికి చెప్పక్కర్లేదు కాబట్టి సేల్స్ కంప్స్ మనకి అంత సులువుగా దొరకవు. అసెస్ చేసిన విలువలు మాత్రం వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. రెండో గడి బలం అక్కడుంది.

లెక్క చేసేటప్పుడు స్థలాన్ని విడిగా పెట్టండి. మొత్తం విలువని చదరపు అడుగులతో భాగిస్తే స్థలం కలిసిపోయి అంకె చెడిపోతుంది. కట్టడం విలువ ÷ లివింగ్ ఏరియా. మీది 532 వేలు ÷ 3,325, అంటే సరిగ్గా అడుగుకి 160 డాలర్లు. మీ సబ్‌డివిజన్‌లోనే ఐదు నుంచి పది ఇళ్లు తీయండి: కట్టిన ఏడాది అటూఇటూ రెండు మూడేళ్లు, సైజు 10 శాతం లోపు తేడా, క్లాస్ (గ్రేడ్ అని కూడా రాస్తారు) అదే ఉండాలి. పూల్ ఉన్నవాటిని, మూడో గరాజ్ ఉన్నవాటిని వీలైతే వదిలేయండి, లేదా ఆ భాగం విలువ డిస్ట్రిక్ట్ సైట్‌లోని ఇంటి కార్డులో విడిగా ఉంటుంది కాబట్టి అది తీసేసి లెక్కించండి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పెద్ద ఇళ్లకి అడుగు రేటు సహజంగా తక్కువ. 4,200 అడుగుల ఇళ్లు ఐదు తెచ్చి "చూడండి, అందరూ 135 దగ్గరున్నారు" అంటే అప్రైజర్ ఒక్క మాటలో కొట్టేస్తాడు. మీకు అనుకూలంగా లేని ఇల్లు ఒకటి కూడా జాబితాలో ఉండనివ్వండి. నమ్మకం అలాగే వస్తుంది.

ఒక ప్రశ్న. ఒకే ప్లాన్ ఇళ్లు, ఒకే స్థలం విలువ, అయినా 42 వేలు తేడా. ఆ ఇంటి కార్డులో లివింగ్ ఏరియా ఎంతుందో చూశారా?

---

పాతకాపు_ప్లేనో

మాస్టారు చెప్పినదంతా సరే. సేల్స్ వైపు ఒక మాట. మీరు కొన్నది జనవరి 1కి ఆరేడు నెలల ముందే, అదీ 665కి. మీ సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ (క్లోజింగ్ నాటి ధర, ఖర్చుల కాగితం) కంటే గట్టి సాక్ష్యం ఇంకోటి ఉండదు. ఇన్ఫార్మల్‌లో (బోర్డుకి ముందు అప్రైజర్‌తో జరిగే మాటల్లో) అది పెడితే చాలాచోట్ల అక్కడికక్కడే 665కి దింపుతారు. ఇన్సెంటివ్ 20 వేలు కూడా లెక్కలోకి తీసుకోమని అడగండి. ఒప్పుకోకపోవచ్చు, అడగడంలో తప్పు లేదు.

కొన్న ధర నోటీసు కంటే ఎక్కువున్నవాళ్లు మాత్రం స్టేట్‌మెంట్ ఊసెత్తక్కర్లేదు. చెప్పి తీరాలన్న చట్టం లేదు. అలాగని ప్రమాణం చేశాక సూటిగా అడిగితే అబద్ధం చెప్పొద్దు.

పోర్టల్‌లో కొన్ని డిస్ట్రిక్ట్‌లు దాఖలు చేసిన కొన్నాళ్లకే ఒక ఆఫర్ పంపుతాయి. హ్యారిస్ కౌంటీలో దీన్ని ఐసెటిల్ అంటారు. "యాక్సెప్ట్" నొక్కారంటే కథ ముగిసినట్టే. ఆ ఏడాదికి అది తుది ఒప్పందం, బోర్డుకీ వెళ్లలేరు, ఆర్బిట్రేషన్‌కీ (మధ్యవర్తి తీర్పుకీ) వెళ్లలేరు. ఇన్ఫార్మల్‌లో సంతకం పెట్టినా అంతే. మీ సొంత లెక్క చేతిలో పెట్టుకోకుండా ఆ బటన్ జోలికి వెళ్లొద్దు.

---

లెక్కల_మాస్టారు

పాతకాపు గారూ, స్టేట్‌మెంట్ ముందే పెట్టడం మీద నాకు కొంచెం పేచీ. 665 కాగితం బల్ల మీద పడ్డాక, ఈక్విటీ లెక్క 630 అని వచ్చినా అప్రైజర్ 665 కంటే కిందికి రాడు. చట్టప్రకారం ఈక్విటీ విడి కారణమే, కొన్న ధర కంటే కిందికి దింపొచ్చు. కానీ ఎదురుగా కూర్చున్నది మనుషులు. ముందు ఈక్విటీ లెక్క కట్టి చూడాలి. అది 665 కంటే పైనే ఉంటే స్టేట్‌మెంట్ వాడండి. బాగా కింద ఉంటే ఈక్విటీతోనే నడపండి.

---

ఎస్క్రో_బాధితుల_సంఘం

ఏజెంట్ కంపెనీల గురించి. తగ్గించిన పన్నులో కొంత శాతం తీసుకుంటారు, సాధారణంగా 25 నుంచి 50 మధ్య. కాంట్రాక్టులో ఒక్క వాక్యం వెతకండి: ఫీజు "ఆదా అయిన పన్ను" మీదా, లేక "తగ్గిన మార్కెట్ వాల్యూ" మీదా? రెండోదైతే, క్యాప్ ఉన్న ఇంటికి పన్నులో పైసా తగ్గకపోయినా బిల్లు వస్తుంది. ఇంకోటి, ఫారం 50-162 (ఏజెంట్ నియామక పత్రం) మీద సంతకం పెడితే మీరు రద్దు చేసేదాకా ఏజెంట్ మీ తరఫున కొనసాగుతూనే ఉండొచ్చు. ఆ ఫారంలో ముగింపు తేదీ రాసే చోటుంది, ఖాళీగా వదలొద్దు. ఏజెంట్‌ని పెట్టుకుని మళ్లీ మీరే సొంతంగా వేస్తే రెండూ చిక్కుపడతాయి.

నా అభిప్రాయం: కొత్త కమ్యూనిటీలో, ఒకేలాంటి ఇళ్ల మధ్య ఉన్న ఇల్లు ఏజెంట్‌కి ఇవ్వడం దండగ. కంప్స్ కళ్లముందే ఉంటాయి. ఎకరాల స్థలంలో ఒంటరిగా ఉన్న కస్టమ్ ఇంటికైతే ఆలోచించొచ్చు.

విడిగా ఒక హెచ్చరిక. పోయినేడు జనవరి 1కి మీ ఇల్లు సగమో పునాదో ఉండి ఉంటుంది, అందుకని ఆ ఏడు పన్ను తక్కువ పడి ఉంటుంది. ఈ ఏడాది పూర్తి ఇంటికి పడుతుంది. ప్రోటెస్ట్ గెలిచినా ఎస్క్రోలో (పన్ను కోసం లెండర్ మీ నెలవాయిదా నుంచి పక్కన పెట్టే ఖాతాలో) లోటు తప్పదు, లెండర్ దాన్ని నెలవాయిదాలో కలిపి వసూలు చేస్తాడు. ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టుకోండి. స్కూల్ డిస్ట్రిక్ట్ పన్నుకి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ 2025 నుంచి 140 వేలయింది (అంతకుముందు 100 వేలు), అది మీ బిల్లులో పడిందో లేదో కూడా చూసుకోండి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తరచూ అడుగుతుంటారు కాబట్టి: హోమ్‌స్టెడ్ దరఖాస్తు ఫారం 50-114లో పౌరసత్వం అడగరు. మీరు ఉండే ఇల్లు అదే అయి, టెక్సాస్ లైసెన్స్ మీద ఆ చిరునామా ఉండాలి. పాత అపార్ట్‌మెంట్ చిరునామాతో లైసెన్స్ జతచేసి తిరస్కరించబడ్డ దరఖాస్తులే ఎక్కువ.

---

కొత్తిల్లు_ఉత్తర_డాలస్

మాస్టారు గారూ, చూశాను. ఆ ఇంటి కార్డులో లివింగ్ ఏరియా 3,073. నాది 3,325. ప్లాన్ ఒకటే, ఎలివేషన్ కూడా ఒకటే! ప్యాకెట్ కూడా వచ్చింది. దాంట్లో మా ఇంటి స్కెచ్ ఉంది, పై అంతస్తు పూర్తి దీర్ఘచతురస్రంలా గీశారు. 3,073 దగ్గర ఉన్న ఇళ్లు ఐదు తీశాను, కట్టడం రేటు అడుగుకి 148, 151, 154, 157, 159.5. చివరిది ఆ పక్కిల్లే.

---

లెక్కల_మాస్టారు

దొరికింది. తేడా 252 అడుగులు, అంటే దాదాపు 18 × 14. మీ ఫ్యామిలీ రూమ్ పైన రెండంతస్తుల ఎత్తు ఖాళీ ఉందా? బిల్డర్ ప్లాన్‌లో పై అంతస్తు పేజీలో "ఓపెన్ టు బిలో" అని గళ్లు గీసి ఉంటుంది. అప్రైజర్ బయట గోడల వెంబడి కొలుస్తాడు, లేదా బిల్డర్ ప్లాన్‌ని బట్టి గీస్తాడు. లోపల నేల లేని చోటు బయటి నుంచి కనపడదు, దాన్ని కూడా గదిగానే లెక్కేశాడు. రెండంతస్తుల ఇళ్లలో తరచూ కనిపించే తప్పే ఇది. కవర్డ్ పాటియోని లివింగ్ ఏరియాలో కలపడం దీని తర్వాతది.

చిన్న తేడాలు పట్టించుకోకండి. వాళ్లు ఇటుక గోడ బయటి అంచు నుంచి కొలుస్తారు కాబట్టి బిల్డర్ అంకె కంటే కొంచెం ఎక్కువ రావడం మామూలే. దాని మీద వాదిస్తే టైమ్ దండగ.

సాక్ష్యంగా నాలుగు చాలు: ఆ ఖాళీ చుట్టూ ఎర్ర గీత గీసి, కొలతలు రాసిన బిల్డర్ ప్లాన్ పై అంతస్తు పేజీ, మేడ మీద రెయిలింగ్ దగ్గర నిలబడి కిందికి తీసిన ఫోటో, కింద నుంచి పైకి తీసిన ఫోటో, అదే ప్లాన్ ఉన్న పక్కింటి కార్డు. లోన్ కోసం అప్రైజల్ చేయించి ఉంటే దాంట్లో కూడా స్కెచ్ ఉంటుంది, దాని పేజీ ఒక్కటీ పెట్టొచ్చు. కానీ ఆ రిపోర్టు మొత్తం ఇచ్చేయొద్దు, ధర పేజీ కూడా అందులోనే ఉంటుంది.

ఇప్పుడు అంకెలు. ఏరియా ఒక్కటే సరిచేస్తే 252 × 160 = 40,320 తగ్గి 641,680. పక్కిల్లు 640 వేలు ఉండడానికి కారణం తెలిసింది కదా, రేటు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. దాని పైన ఈక్విటీ: మీ ఐదింటి మీడియన్ 154. 154 × 3,073 = 473,242, స్థలం 150 వేలు కలిపితే 623,242. 682తో పోలిస్తే 58,758 తక్కువ. మీ మొత్తం పన్ను రేటు 2.1 శాతం అనుకుంటే ఏడాదికి 1,230 డాలర్ల చిల్లర. ఈ రెండూ ఒకేసారి కలిపి చెప్పకండి. ఇన్ఫార్మల్‌లో ముందు ఏరియా తప్పు ఒప్పించండి, అది వాదన కాదు, కొలత. రికార్డు సరిచేశాక "ఇప్పుడు సరైన సైజుకి మీడియన్ ఇది" అని రెండో కాగితం తీయండి. 640 ఇస్తామంటే తొందరపడి సంతకం పెట్టొద్దు, బోర్డు దగ్గర 623 అడగొచ్చు. ఏరియా మార్పు ఈ ఏడాదికే కాకుండా రికార్డులో శాశ్వతంగా చేయమని కూడా అడగండి. విలువ మాత్రం తగ్గించి స్కెచ్ అలాగే వదిలేస్తే వచ్చే ఏడాది మళ్లీ అదే కథ.

సైజు తగ్గితే అడుగు రేటు కొంచెం పెరగాలని అప్రైజర్ అంటాడు. న్యాయమే. అందుకే మీరు 3,073 దగ్గర ఇళ్లనే తీయడం మంచిదయింది.

బోర్డు హియరింగ్ గురించి. ఏఆర్‌బీ సభ్యులు డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కారు, సాధారణంగా ముగ్గురు కూర్చుంటారు. మీకు దొరికేది కొద్ది నిమిషాలే. ఐదు సెట్లు ప్రింట్ తీసుకెళ్లండి, ముగ్గురికీ, అప్రైజర్‌కీ, మీకూ. మొదటి పేజీలో ఒక్క అంకె: "నేను కోరే విలువ 623,242". రెండో పేజీలో కంప్స్ పట్టిక. "పన్ను భరించలేకపోతున్నాం", "పోయినేడు కంటే ఇంత పెరిగింది" అనే మాటలు ఎత్తొద్దు. పన్ను రేటు వాళ్ల చేతిలో లేదు, జనవరి 1 నాటి విలువ ఒక్కటే వాళ్ల పని. జిల్లో ఎస్టిమేట్ చూపించినా విలువ ఇవ్వరు.

సెలవు దొరక్కపోతే ఫోన్‌లోనో వీడియోలోనో హాజరవ్వొచ్చు. హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు రాసి అడగాలి, సాక్ష్యాన్ని ఫారం 50-283 అఫిడవిట్‌తో హియరింగ్ మొదలయ్యేలోపు అందజేయాలి. అఫిడవిట్ లేకుండా పీడీఎఫ్‌లు మెయిల్ చేసి, ఫోన్‌లో చదివి వినిపిద్దామనుకుంటే వాటిని చూడరు. ఏజెంట్ లేని ఓనర్‌కి ఒకసారి కారణం చెప్పకుండానే వాయిదా అడిగే హక్కుంది, హియరింగ్ తేదీకి ముందే అడగాలి.

---

పాతకాపు_ప్లేనో

ఏరియా సంగతి విన్నాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా, స్టేట్‌మెంట్ బయటికి తీయకండి.

ఈ థ్రెడ్ చదివే పాత ఇళ్లవాళ్లకి ఒకటి. ఇక్కడి నల్లరేగడి మట్టికి ఫౌండేషన్ కదలడం మామూలు. దానికి ఫౌండేషన్ కంపెనీ రాసిచ్చిన ఎస్టిమేట్ ఉంటే మంచి సాక్ష్యం, పియర్లు (ఫౌండేషన్ కింద వేసే స్తంభాలు) ఎన్ని, ఎక్కడ అని గుర్తులతో సహా. జనవరి 1కి ముందే ఆ సమస్య ఉందని తెలియాలి. ఇన్సూరెన్స్ డబ్బుతో బాగుచేయించేసిన రూఫ్ లెక్కలోకి రాదు. కార్పెట్ పాతబడింది, రంగులు వెలిశాయి అంటే పెద్దగా పట్టించుకోరు. ఇల్లు టోల్‌వేకి వీపు ఆనించి ఉంటే, లోపలి వీధి ఇళ్లకీ మీకూ స్థలం విలువ ఒకటే వేశారేమో చూడండి, అక్కడ అడగొచ్చు.

---

కొత్తిల్లు_ఉత్తర_డాలస్

అందరికీ ధన్యవాదాలు. బోర్డు కూడా 640 దగ్గరే ఆపితే ఇంకేం దారుంది? గడువు దాటిపోయిన మా ఫ్రెండ్‌కి ఏమైనా అవకాశం ఉందా?

---

లెక్కల_మాస్టారు

బోర్డు ఆర్డర్ అందిన 60 రోజుల్లో బైండింగ్ ఆర్బిట్రేషన్ అడగొచ్చు, స్టేట్ కంప్ట్రోలర్ ఆఫీసు ద్వారా. హోమ్‌స్టెడ్‌కి డిపాజిట్ 500 వేల లోపు విలువైతే 450 డాలర్లు, ఆ పైన 500. ఆర్బిట్రేటర్ తేల్చిన విలువ బోర్డు అంకె కంటే మీరు దరఖాస్తులో రాసిన అంకెకి దగ్గరగా ఉంటే 50 డాలర్లు మినహాయించుకుని మిగతాది వెనక్కి వస్తుంది. లేదంటే డిపాజిట్ పోతుంది. అందుకని అక్కడ ఆశకొద్దీ 560 అని రాయకూడదు. 640కీ 623కీ మధ్య పోరాడితే లాభం ఏడాదికి 350 డాలర్ల చిల్లర. మీకు పునాది సంవత్సరం కాబట్టి పర్వాలేదు, వేరేవాళ్లకి ఆలోచించమనే చెప్తాను. డిస్ట్రిక్ట్ కోర్టుకి వెళ్లడానికీ గడువు 60 రోజులే, కానీ ఈ తేడాకి లాయర్ ఖర్చు కూడా రాదు.

మీ ఫ్రెండ్‌కి: నోటీసు అసలు అందలేదంటే సెక్షన్ 41.411 కింద అడగొచ్చు. అందినా గడువు దాటిందంటే 25.25(డి) ఉంది. అది పనికిరావాలంటే హోమ్‌స్టెడ్ విలువ సరైన విలువ కంటే కనీసం పావు వంతు ఎక్కువ వేసి ఉండాలి, పన్ను గడువు దాటకముందే అడగాలి, గెలిచినా సరిచేసిన పన్ను మీద 10 శాతం పెనాల్టీ ఉంటుంది. 5, 10 శాతం తేడాలకి ఆ దారి మూసుకున్నట్టే.

ఆర్బిట్రేషన్ నడుస్తోందని జనవరి 31 గడువు వదిలేయకండి. వివాదంలో లేని మొత్తమైనా అప్పటికి కట్టి ఉండాలి, లేకపోతే కేసే కొట్టేస్తారు. ఎస్క్రో ఉన్నవాళ్లు లెండర్ కట్టాడో లేదో కౌంటీ ట్యాక్స్ ఆఫీసు సైట్‌లో డిసెంబర్ ఆఖర్లోనే చూసుకోండి.